లేక్ స్ట్రీట్ డైవ్ కచేరీ: థియేటర్‌లో వినాలా, కొండల మధ్యనా, ఎరెనాలోనా?

టూర్ తేదీలు బయటికి వచ్చిన వారంలో నాకు ఇలాంటి ఫోన్లు రెండు మూడు తప్పకుండా వస్తాయి. "అక్కా, లేక్ స్ట్రీట్ డైవ్ వాళ్లు మా ఊళ్లో థియేటర్‌లో పాడుతున్నారు. పది రోజుల తర్వాత మూడు గంటల దూరంలో ఓపెన్ ఎయిర్‌లో ఇంకో షో ఉంది. ఒక్కదానికే వెళ్లగలం, ఏది కొనమంటావు?" నేను ముందు ఒక్కటే అడుగుతాను: వాళ్ల గొంతులు వినాలనుందా, వాళ్లతో పాటు గంతులేయాలనుందా? చాలామంది రెండూ అంటారు. రెండూ ఒకేచోట పూర్తిగా దొరకవు. ఒకటి ఎక్కువ కావాలంటే రెండోది కొంత వదులుకోవాలి. అది తేలితే మిగతా లెక్క తేలికే.

అమెరికాలో ఉంటూ సినిమా సంగీత దర్శకుల షోలకు తప్ప వేరే కచేరీకి ఎప్పుడూ వెళ్లని మన కుటుంబాలను కూడా దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆ అలవాటుతో వెళ్తే ఈ బ్యాండ్ దగ్గర తప్పు సీటు కొనే అవకాశం ఎక్కువ. ఎందుకో కింద చెప్తాను.

ముందు వీళ్లెవరో రెండు ముక్కల్లో

2004లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో జాజ్ చదువుకుంటున్న నలుగురు కలిసి పెట్టుకున్న బ్యాండ్ ఇది. గాయని రేచల్ ప్రైస్, బాస్ వాయించే బ్రిజెట్ కెర్నీ, డ్రమ్స్ మీద మైక్ కలబ్రీస్, ట్రంపెట్, గిటార్ వాయించే మైక్ ఓల్సన్. ఓల్సన్‌ది మినియాపొలిస్. అక్కడి లేక్ స్ట్రీట్ అనే వీధిలోని చిన్న చిన్న బార్ల పేరు మీదుగానే బ్యాండ్‌కి పేరు పెట్టారు. 2017లో కీబోర్డు వాద్యకారుడు ఏకీ బెర్మిస్ చేరాడు. 2021లో ఓల్సన్ వెళ్లిపోయాక గిటార్ జేమ్స్ కార్నెలిసన్ చేతికి వచ్చింది.

వీళ్ల పాటలో ఏముంది అంటే ఒక్క పేరు చెప్పలేం. నల్లజాతి చర్చిల గాస్పెల్ గానం, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి 1950, 60లలో సోల్ సంగీతం పుట్టింది. డెట్రాయిట్‌లో మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్ అనే రికార్డు కంపెనీలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. వీళ్ల పాటకు ఆ సోల్ పునాది. దాని మీద జాజ్ చదువు, పాప్ పాటల తేలిక బాణీ, కాస్త కంట్రీ, కాస్త రాక్. ఇవన్నీ కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. వీళ్లను వేరు చేసేది గొంతుల కూర్పు.

ప్రపంచానికి వీళ్లు తెలిసింది కూడా అలాగే. 2012లో బోస్టన్‌లోని బ్రైటన్ ప్రాంతంలో ఒక వీధి మూల మీద నిలబడి, ఒకే ఒక్క మైకు చుట్టూ చేరి, జాక్సన్ ఫైవ్ పాత హిట్ పాటను నెమ్మది చేసి పాడారు. ఆ వీడియో విపరీతంగా తిరిగింది. 2014లో వచ్చిన 'బ్యాడ్ సెల్ఫ్ పోర్ట్రెయిట్స్' ఆల్బమ్ నుంచి హాళ్లు నిండటం మొదలైంది. 2024 సెప్టెంబర్ 14న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తమ పేరు మీద కచేరీ చేశారు. ఆ ఏడాది ఆల్బమ్ 'గుడ్ టుగెదర్'కి గ్రామీ నామినేషన్ వచ్చింది. వీధి మూల నుంచి గార్డెన్ దాకా పన్నెండేళ్లు. అందుకే ఈ రోజు వీళ్లను చిన్న హాల్లోనూ వినొచ్చు, పెద్ద ఎరెనాలోనూ, అంటే ఇండోర్ స్టేడియంలోనూ వినొచ్చు. చిక్కు కూడా అక్కడే వచ్చింది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: నాలుగు గొంతులు విడివిడిగా వినపడతాయా?

మన సంగీతంలో పక్కవాళ్లు పాడితే చాలావరకు అదే స్వరం పాడతారు. భజనలో అందరిదీ ఒకే బాణీ. బుర్రకథలో వంతలు తందాన అంటూ కథకుడికి ఊతమిస్తారు. వీళ్లది వేరు. రేచల్ ఒక స్వరం మీద ఉంటే, బ్రిజెట్ దానిపైన ఇంకో స్వరం, కలబ్రీస్ మధ్యలో ఒకటి, ఏకీ కింద ఒకటి. నాలుగూ ఒకేసారి నాలుగు మెట్ల మీద నడుస్తాయి. గుంటూరు, కాకినాడ వైపు చర్చి క్వయర్‌లో పాడినవాళ్లకు సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే పై నుంచి కింది దాకా నాలుగు గొంతులంటే వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్లకు ఒకటి రెండు పాటలు విన్నాక చెవి అలవాటు పడుతుంది. కానీ హాలు ధ్వని బాగోకపోతే ఆ నాలుగూ కలిసిపోయి ఒక ముద్దలా వినిపిస్తాయి. మంచి పాటే విన్నట్టుంటుంది, ఈ బ్యాండ్‌ను మాత్రం విన్నట్టుండదు.

మన సినిమా షోల అలవాటుతో వెళ్లేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. ఆ షోల్లో తెర, లైట్లు, డాన్సర్లు, నలభై మంది వాద్యకారులు ఉంటారు. ఎంత దూరంలో కూర్చున్నా కంటికి పని ఉంటుంది. వీళ్ల స్టేజీ మీద ఉండేది ఐదుగురు, వాళ్ల వాద్యాలు, అంతే. దూరం పెరిగేకొద్దీ మనకు దక్కేది తగ్గుతుంది.

రెండోది కంటికి, చెవికి మధ్య దూరం. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. స్టేజీ నుంచి వంద మీటర్ల వెనక కూర్చుంటే, డ్రమ్ము మీద కర్ర పడటం కనిపించాక సెకనులో మూడో వంతు దగ్గరగా గడిచాక శబ్దం చేరుతుంది. తాళం పట్టుకుని వినేవాళ్లకు ఇది నిజంగా ఇబ్బంది.

మూడోది మొత్తం ఖర్చు. టికెట్ ధర ఒక్కటే చూడకండి. ఫీజులు, పార్కింగ్, పిల్లలను చూసుకునేవాళ్లకు ఇచ్చేది, దూరమైతే హోటల్, అన్నీ కలపండి. నాలుగోది మీతో ఎవరు వస్తున్నారన్నది. ఐదోది కూర్చోవాలా, నిలబడాలా. ఆరోది వాన.

రెండు మూడు వేల సీట్ల థియేటర్

నా ఓటు దీనికే. పాత థియేటర్లు మైకులు లేని రోజుల్లోనో, మైకులు కొత్తగా వచ్చిన రోజుల్లోనో కట్టినవి. మనిషి గొంతు చివరి వరసకు చేరాలన్న లెక్కతో కట్టారు. చెక్క, తెరలు, వంపు తిరిగిన బాల్కనీ, ఇవన్నీ గొంతును పట్టుకుని మెత్తగా తిప్పి పంపుతాయి.

నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియం దీనికి మంచి ఉదాహరణ. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టారు. ఇప్పటికీ కుర్చీల బదులు చర్చి బల్లలే. 2,362 మంది పడతారు. రేచల్ పెరిగింది ఆ పక్కనే హెండర్సన్‌విల్‌లో. బల్లల మీద రెండు గంటలు కూర్చుంటే నడుము పడుతుంది, చిన్న దిండు తీసుకెళ్లనిస్తారేమో ముందే కనుక్కోండి. కానీ గొంతుల కోసం కట్టిన గదిలో గొంతుల బ్యాండ్‌ను వినడం వేరే సంగతి.

థియేటర్‌లో నాకు కళ్ల ముందు నిలిచిపోయిన దృశ్యం ఒకటుంది. కచేరీ మధ్యలో లైట్లు తగ్గుతాయి. ఏకీ కీబోర్డు వదిలి ముందుకొస్తాడు, కలబ్రీస్ డ్రమ్స్ వెనక నుంచి లేచి వస్తాడు. బ్రిజెట్ తన నిలువు బాస్‌ను, అంటే మనిషి కన్నా ఎత్తున్న ఆ పెద్ద వయొలిన్ లాంటి వాద్యాన్ని, కింద ఉన్న ఇనుప ముల్లు మీద ఒరిగించి జరుపుకుంటూ మైకు దగ్గరికి తెస్తుంది. ఐదుగురూ ఒకే మైకు చుట్టూ అరచందమామలా నిలబడతారు. అప్పుడు కాళ్ల వైపు చూడండి. ఒకే మైకు ఉన్నప్పుడు ఎవరి గొంతు ఎంత వినపడాలో తేల్చేది అడుగులే. పెద్ద గొంతు అరడుగు వెనక్కి తగ్గుతుంది, నెమ్మది గొంతు ముందుకు వంగుతుంది. గిటార్ సొంతంగా వాయించాల్సిన చోట వాద్యకారుడు భుజం ముందుకు పెట్టి మైకు దగ్గరికి జరుగుతాడు, అయిపోగానే వెనక్కి. ఆకాశవాణి స్టూడియోల్లో బృందగానాలు ఒక్క మైకు ముందు పాడిన రోజులు గుర్తున్న పెద్దవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఎవరి శబ్దం ఎంత వినపడాలో సరిచేసే సౌండ్ బోర్డు పని మనుషులు శరీరంతో చేసుకుంటున్నారు. పదో వరసలో కూర్చున్నప్పుడు బాస్ తీగ మీద వేలు జారిన చిన్న చప్పుడు కూడా నాకు వినపడింది. ఆ రాత్రి తర్వాత ఎవరైనా సలహా అడిగితే మొదట థియేటర్ పేరే చెప్తున్నాను.

ఏ సీటు? మొదటి రెండు వరసలు వద్దు. స్పీకర్ల శబ్దం మన తల మీదుగా వెనక్కి వెళ్తుంది, మెడ ఎత్తి చూడాలి. కింద హాల్లో ఎనిమిది నుంచి ఇరవై వరసల మధ్య, నడిమి భాగం మంచిది. అది దొరక్కపోతే బాల్కనీ ముందు వరస. బాల్కనీ కిందకి లోతుగా వెళ్లిన సీట్లు మాత్రం కొనకండి, పైకప్పు అడ్డొచ్చి గొంతుల మీద మెరుపు పోతుంది. "వ్యూ పరిమితం" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే వదిలేయండి. నేను ఒకసారి అది చదవకుండా చేతులు మారిన టికెట్ కొన్నాను. స్తంభం వెనక సీటు. రాత్రంతా సగం బ్యాండ్‌నే చూశాను.

దీని లోటు: జనం లేచి ఆడటం తక్కువ. మొదటి పాటకే లేచి నిలబడితే వెనకవాళ్లు భుజం తడతారు. చివరి నాలుగైదు పాటలకు హాలంతా లేస్తుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి.

నిలబడి వినే హాళ్లు

వెయ్యి, పదిహేను వందల మంది పట్టే హాళ్లు, కుర్చీలుండవు. తలుపులు తెరిచే వేళకే వెళ్తే స్టేజీకి పదడుగుల దూరంలో నిలబడొచ్చు. బ్యాండ్‌కీ మీకూ మధ్య ఏమీ ఉండదు. పాతికేళ్ల వయసు, ఇద్దరు స్నేహితులు, మర్నాడు సెలవు అయితే ఇంతకన్నా ఏం కావాలి? అయితే తలుపులు తెరిచిన దగ్గర్నుంచి ముందు పాడేవాళ్ల పాటలు అయ్యి, వీళ్లు స్టేజీ ఎక్కి, అన్నీ ముగిసేసరికి నాలుగు గంటలు నిలబడాలి. మనవాళ్ల ఎత్తు కూడా ఆలోచించండి. నా ఎత్తు ఐదడుగులు. ముందు ఆరడుగుల మనిషి నిలబడితే మిగిలింది అతని చొక్కా. అలాంటి హాళ్లలో పక్క గోడకు ఎత్తైన మెట్టు ఉంటుంది, లేదా మేడ మీద కటకటాలుంటాయి. లోపలికి అడుగుపెట్టగానే అక్కడికి వెళ్లి నిలబడండి.

ఇప్పుడు వీళ్ల పేరు పెరిగింది కాబట్టి ఇంత చిన్న హాళ్లలో షోలు అరుదు. కనిపిస్తే ఆలోచించే టైమ్ ఉండదు, నిమిషాల్లో అయిపోతాయి.

ఆకాశం కింద: రెడ్ రాక్స్ లాంటివి

కొలరాడోలో డెన్వర్‌కు పడమట, మోరిసన్ దగ్గర రెడ్ రాక్స్ ఉంది. రెండు పక్కలా ఎర్రటి రాతి గోడలు, మధ్యలో కొండ వాలు మీద డెబ్బై వరసల బల్లలు. 1941లో తెరిచారు. తొమ్మిదిన్నర వేల మంది పడతారు. ఓపెన్ ఎయిర్ అనగానే ధ్వని చెల్లాచెదురవుతుందని భయం ఉంటుంది కదా, ఇక్కడ ఆ రాళ్లే గోడల పని చేస్తాయి. చాలా ఓపెన్ ఎయిర్ వేదికల కన్నా ఇక్కడ గొంతులు స్పష్టంగా వినిపిస్తాయి. పై వరసల నుంచి చూస్తే బ్యాండ్ వెనక దూరాన డెన్వర్ దీపాలు వెలుగుతూ కనిపిస్తాయి.

కానీ దాని షరతులు దానికున్నాయి. అది సముద్ర మట్టానికి దాదాపు 6,450 అడుగుల ఎత్తు. డాలస్ నుంచో ఎడిసన్ నుంచో అదే రోజు విమానం దిగి మెట్లెక్కితే ఊపిరి ఆడదు. నీళ్లు బాగా తాగాలి, వీలైతే ఒకరోజు ముందే చేరాలి. కార్లు నిలిపే చోటు నుంచి సీటుకు చేరడానికే వందల మెట్లు. అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటే మొదటి వరస, డెబ్బయ్యో వరస నడవలేనివాళ్ల కోసం ఉంచుతారు, వాటి నియమాలు ముందే చదవండి. వేసవి సాయంత్రాల్లో ఆ కొండల్లో ఉన్నట్టుండి ఉరుములు, వాన. జూలైలో కూడా చలి కోటు కావాలి. గొడుగు తెరవనివ్వరు, రెయిన్ కోటు పెట్టుకోండి. మిగతా ఊళ్ల ఓపెన్ ఎయిర్ వేదికల్లో ఈ రాతి గోడలుండవు. అక్కడ వెనక గడ్డి మీద కూర్చునే చవక టికెట్‌తో గొంతుల కూర్పు మీద ఆశ వదులుకోవాల్సిందే. గాలి ఎటు వీస్తే పాట అటు పోతుంది. చాప పరుచుకుని పిల్లలతో, పులిహోర డబ్బాతో సాయంత్రం గడపడానికైతే మాత్రం గడ్డి చాలా బాగుంటుంది. బయటి తిండి లోపలికి రానిస్తారో లేదో చూసుకోండి, ఒక్కో చోట ఒక్కో రూలు.

ఎరెనా: మాడిసన్ స్క్వేర్ గార్డెన్

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకు ఇది చాలా సులువు. ఎడిసన్‌లోనో మెట్రోపార్క్‌లోనో రైలెక్కితే పెన్ స్టేషన్‌లో దిగుతారు, గార్డెన్ సరిగ్గా దాని నెత్తి మీదే ఉంది. పార్కింగ్ గొడవ లేదు, టోల్ లేదు. రాత్రి తిరుగు రైలు టైమ్ ఒక్కటి ముందే చూసుకుంటే చాలు.

ధ్వని సంగతికొస్తే నిజం చెప్పాలి. ఎరెనాలు బాస్కెట్‌బాల్, హాకీ కోసం కట్టినవి. అరుపులు ఎక్కువ వినపడటమే అక్కడ కావాల్సింది. ఇరవై వేల మంది పట్టే గదిలో డ్రమ్స్, బాస్ గోడలకు తగిలి తిరిగొచ్చి గొంతుల మీద పడతాయి. మంచి సౌండ్ ఇంజనీరు చాలావరకు సరిచేస్తాడు, పూర్తిగా కాదు. కింద ఫ్లోర్ మీద సౌండ్ బోర్డు పక్కన, లేదా దానికి ఎదురుగా మొదటి అంతస్తులో కూర్చుంటే ఇంజనీరు వింటున్నదే మీరూ వింటారు. పై అంతస్తు మూలల్లో కూర్చుంటే తెర చూస్తూ గడిపేస్తారు.

మరి ఎవరు వెళ్లాలి? ఈ బ్యాండ్‌ను వీధి మూల వీడియో రోజుల నుంచి ప్రేమిస్తున్నవాళ్లు వెళ్లాలి. పదేళ్ల పాటు వ్యాన్‌లో ఊరూరా తిరిగి, బార్లలో పాడినవాళ్లు ఒక ఎరెనాను నింపడం చూడటమే ఒక సంతోషం. మనవాడు పెద్దవాడైతే ఊరంతా మురిసిపోతుంది కదా, అలాంటిది. పాటలు ముందే కంఠతా వచ్చి ఉంటే గోడల ప్రతిధ్వనిలో కూడా మన చెవి ఆ గొంతులను వెతికి పట్టుకుంటుంది. మొదటిసారి వినేవాళ్లకు మాత్రం ఎరెనా చెప్పను.

ఫెస్టివల్స్

రోడ్ ఐలండ్‌లో ఫోర్ట్ ఆడమ్స్ కోట దగ్గర, సముద్రపు ఒడ్డున, న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ జరుగుతుంది. 1959 నుంచి ఉన్న పేరున్న పండుగ. వీళ్లు అక్కడా పాడారు. ఒకే టికెట్‌తో రోజంతా ఎంతోమందిని వినొచ్చు, చూడటానికి కూడా అందంగా ఉంటుంది. వీళ్ల కోసమే అయితే వద్దు. ఫెస్టివల్‌లో ఒక్కో బ్యాండ్‌కి గంటో, అంతకన్నా తక్కువో ఇస్తారు. తెలిసిన పాటలు గబగబా పాడి దిగిపోతారు. ఒక్క మైకు ముచ్చట ఉంటుందో లేదో.

ఇంట్లో కూర్చుని

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఈ ఏడు ఖర్చు పెట్టలేనివాళ్లు బాధపడక్కర్లేదు. 2011లో వచ్చిన 'లైవ్ ఎట్ ద లిజర్డ్ లాంజ్' రికార్డింగ్ ఉంది. మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్‌లోని ఒక చిన్న క్లబ్‌లో పేరు రాకముందు పాడినది. గ్లాసుల చప్పుడు, జనం కేకలు, నలుగురి వేడి, అన్నీ ఉంటాయి. టైనీ డెస్క్‌లో పాడిన వీడియో కూడా చూడండి. అది రేడియో ఆఫీసులో బల్ల ముందు, పెద్ద సౌండ్ సిస్టమ్ లేకుండా పాడించే కార్యక్రమం కాబట్టి వీళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. పాతిక డాలర్లవైనా సరే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే బాస్ వినపడుతుంది. బాస్ లేకుండా ఈ బ్యాండ్ సగమే.

అన్నీ ఒకచోట చూసుకోవాలంటే:

| ఎక్కడ | గొంతుల స్పష్టత | ఆడిపాడే ఊపు | పెద్దవాళ్లకు, పిల్లలకు | మరచిపోకూడనిది |
|---|---|---|---|---|
| థియేటర్ | చాలా బాగుంటుంది | చివర్లో మాత్రమే | సౌకర్యం | బాల్కనీ కింద లోతు సీట్లు వద్దు |
| నిలబడే హాలు | బాగుంటుంది | చాలా ఎక్కువ | కష్టం | నాలుగు గంటలు కాళ్ల మీద |
| రెడ్ రాక్స్ | బాగుంటుంది | ఎక్కువ | మెట్లు, ఎత్తు ఇబ్బంది | చలి కోటు, రెయిన్ కోటు |
| వెనక గడ్డి సీట్లు | తక్కువ | పిక్నిక్‌లా | పిల్లలకు హాయి | గాలి, వాన |
| ఎరెనా | సీటును బట్టి | ఎక్కువ | పర్వాలేదు | సౌండ్ బోర్డు దగ్గర కొనండి |
| ఫెస్టివల్ | ఒక్కోసారి ఒక్కోలా | ఎక్కువ | ఎండ, నడక | పాడేది కాసేపే |

మీతో ఎవరు వస్తున్నారు?

వేసవిలో మన ఇళ్లకు అమ్మానాన్నలు వస్తారు. ఆరు నెలలు ఇంట్లోనే కూర్చోబెట్టామన్న బాధ మనకుంటుంది, ఎక్కడికైనా తీసుకెళ్లాలనుంటుంది. మా నాన్నగారు ఇంగ్లీషు పాటలంటే చప్పుడనే అనుకునేవారు. థియేటర్‌లో ఆ ఒక్క మైకు భాగం వచ్చినప్పుడు ముందుకు వంగి కూర్చున్నారు. ఇంటికొచ్చే దారిలో "ఆ అమ్మాయి బాస్ వాయిస్తూ పాడింది చూడు, రెండు పనులూ ఒకేసారి ఎలా చేస్తోందమ్మా?" అని రెండుసార్లు అడిగారు. పెద్దవాళ్లను తీసుకెళ్లాలంటే కళ్లు మూసుకుని థియేటరే. నడవా పక్క సీట్లు తీసుకోండి, బాత్‌రూమ్‌కి వెళ్లిరావడం సులువు.

ఐదారేళ్ల పిల్లలైతే సాయంత్రం వెలుగులోనే మొదలయ్యే ఓపెన్ ఎయిర్ షో, గడ్డి మీద చాప. చెవులకు మఫ్స్, అంటే చప్పుడు తగ్గించే కప్పులు, తప్పనిసరి, పెద్ద స్పీకర్ల నుంచి దూరంగా కూర్చోండి. పన్నెండు దాటి వయొలిన్, కీబోర్డు, క్వయర్ ఏదో ఒకటి నేర్చుకుంటున్న పిల్లలైతే లెక్క మారుతుంది. వాళ్లకు బ్యాండ్ చేతులు కనపడే సీటు కొనండి, పెద్దవాళ్లు వెనక కూర్చున్నా పర్వాలేదు. సంగీతం నేర్చుకునే పిల్లకు బ్రిజెట్ ఎడమ చేయి ఎక్కడ పడుతుందో చూడటం ఒక పాఠం.

కొత్తగా పెళ్లయినవాళ్లు, స్నేహితుల గుంపు అయితే రెడ్ రాక్స్. ఖర్చు ఎక్కువే, రెండు రోజుల ప్రయాణం పెట్టుకోండి, పగలు కొండలు తిరగండి.

టికెట్ కొనేటప్పుడు

ఫీజుల బాధ మనందరికీ తెలుసు. దీని మీద ఇదే కోవకు చెందిన ఇంకో సోల్-పాప్ బ్యాండ్ 'లారెన్స్' గాయకుడు క్లైడ్ లారెన్స్ 2023 జనవరిలో అమెరికా సెనేట్ కమిటీ ముందు లెక్కలతో చెప్పాడు. 30 డాలర్ల టికెట్‌కు 12 డాలర్ల ఫీజు చేరి అభిమాని 42 కడితే, బ్యాండ్‌కు వచ్చేది 12. అందులో సగం టూర్ ఖర్చులకే పోతే, మిగిలిన 6 డాలర్లు ఎనిమిది మంది పంచుకోవాలి, పన్ను కట్టకముందు. ఆ మాటలు విన్నాక నేను టికెట్‌తో పాటు స్టేజీ బయట బల్ల దగ్గర ఒక రికార్డో, టీషర్టో కొంటున్నాను.

2025 మే 12 నుంచి అమెరికాలో కచేరీ టికెట్లకు ఫీజులన్నీ కలిపిన మొత్తం ధర మొదటే చూపించాలన్న నియమం అమల్లోకి వచ్చింది. పోల్చుకోవడం ఇప్పుడు కాస్త తేలిక. బ్యాండ్ ఈమెయిల్ జాబితాలో చేరితే అందరికన్నా ముందు కొనే కోడ్ వస్తుంది, మంచి నడిమి సీట్లు అప్పుడే పోతాయి. అమ్ముడైపోయిందని చెప్పగానే కంగారుపడి చేతులు మారిన టికెట్‌కు మూడింతలు పెట్టకండి. షో రోజు మధ్యాహ్నం ఆ ధరలు చాలాసార్లు దిగొస్తాయి. ఆ టెన్షన్ పడలేనివాళ్లు మొదటే కొనుక్కుని నిశ్చింతగా ఉండండి. థియేటర్ బాక్సాఫీసు దగ్గరికి స్వయంగా వెళ్తే కొన్నిచోట్ల ఆన్‌లైన్ ఫీజు తప్పుతుంది, ఫోన్ చేసి అడగండి.

వీళ్లేనా, ఇంకెవరైనానా?

ఇదే సోల్-పాప్ దారిలో రెండు పేర్లు చెప్తాను. పైన చెప్పిన లారెన్స్ న్యూయార్క్ అన్నాచెల్లెళ్ల బ్యాండ్, క్లైడ్, గ్రేసీ. ఎనిమిది మంది, ట్రంపెట్, శాక్సఫోన్ మోత, స్టేజీ మీద ఒక్క క్షణం నిలకడగా ఉండరు. ఊపు కావాలనుకుంటే, ముఖ్యంగా టీనేజీ పిల్లలతో వెళ్తుంటే, వాళ్లను ఎంచుకోండి. ఫిట్జ్ అండ్ ద టాంట్రమ్స్ లాస్ ఏంజెలెస్‌వాళ్లు, 2008 నుంచి ఉన్నారు. పాప్ పాలు ఎక్కువ, చప్పట్లు కొట్టించే పాటలు, ఫెస్టివల్‌కి బాగా సరిపోతారు. గొంతుల కూర్పు, నిశ్శబ్దంలో నిలబడగల పాట కావాలంటే మాత్రం లేక్ స్ట్రీట్ డైవే.

అక్టోబర్ చివర్లో టూర్ ఉంటే ఆ తేదీ మీద ఒక కన్నేయండి. హాలోవీన్‌కి వేషాలు వేసుకుని పాత పెద్ద పాటలు పాడటం వీళ్ల పాత అలవాటు.

ఇంకో సంగతి, ఇది ఏ సీటు కొన్నవాళ్లకైనా. కచేరీ మధ్యలో లైట్లు తగ్గి, డ్రమ్స్ ఆగి, వాళ్లు స్టేజీ ముందుకు నడవడం మొదలుపెట్టగానే చాలామంది విరామం అనుకుని పాప్‌కార్న్ కోసం లేస్తారు. లేవకండి. ఒక్క మైకు తెచ్చి పెట్టేది అప్పుడే.